గోడలో దాగే తీగ, స్పీకరు వెనక పెట్టె

గోడలోను, పైకప్పులోను అమర్చే స్పీకర్లతో వచ్చే సూచనల పుస్తకాలు చాలావరకు అమెరికా ఇళ్లను దృష్టిలో పెట్టుకొని రాసినవి. అక్కడి ఇళ్లలో గోడ అంటే సాధారణంగా 16 అంగుళాల ఎడంతో నిలిపిన కొయ్య గుంజలు, వాటికి రెండు వైపులా బిగించిన జిప్సమ్ బోర్డులు, మధ్యన మూడున్నర అంగుళాల ఖాళీ కాబట్టి, బోర్డుకు రంధ్రం కోసి స్పీకరును అందులోకి దించితే పని అయిపోతుంది. ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు ఉన్న మన ఇళ్లలో ఆ ఖాళీయే లేదు గనుక స్పీకరు వెనక చోటును ఇంటివారే కట్టించుకోవాలి, దానికి చేరే తీగను ప్లాస్టరింగుకు ముందే పైపులో వేయించుకోవాలి. ఈ రెండింటి మంచిచెడ్డలు తేలేది గోడకు గాడి కొట్టే దశలోనే అయినా, చాలామంది స్పీకరు కొన్న తరువాత గాని వాటి గురించి ఆలోచించరు.

తీగ విషయంలో ముందుగా చూడవలసింది నిరోధం, అంటే విద్యుత్ ప్రవాహానికి తీగ కలిగించే అడ్డు. ఆంప్లిఫయర్ నుంచి స్పీకరుకు వెళ్లి తిరిగి వచ్చే దారి మొత్తం లెక్కకు వస్తుంది కాబట్టి 20 మీటర్ల దూరానికి 40 మీటర్ల రాగి అని లెక్క వేయాలి. సన్నపోగుల రాగి తీగలో 1.5 స్క్వేర్ ఎం.ఎం. రకానికి కిలోమీటరుకు సుమారు 13.3 ఓములు, 2.5 రకానికి దాదాపు 8 ఓములు నిరోధం ఉంటుంది. అంటే ఆ 40 మీటర్లకు మొదటిదానితో 0.53, రెండవదానితో 0.32 ఓములు. తీగ నిరోధం స్పీకరు ఇంపిడెన్సులో, అంటే స్పీకరు తనంతట తాను ప్రవాహానికి చూపే మొత్తం అడ్డులో, 5 శాతానికి మించరాదన్నది వాడుకలో ఉన్న హద్దు. 8 ఓముల స్పీకరుకు అది 0.4 కాబట్టి 2.5 తీగ చాలు. అదే దూరంలో 4 ఓముల స్పీకరుకు హద్దు 0.2కు దిగుతుంది గనుక 4 స్క్వేర్ ఎం.ఎం. తీగ కావాలి. హోటళ్లలో, మాల్‌లలో సన్నని తీగలే ఎంతో దూరం పోతున్నాయి కదా అని కొందరు వాదిస్తారు గాని, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ల సాయంతో 100 వోల్టుల లైను నడుస్తుంది, ప్రవాహం చాలా తక్కువ. ఇంటి ఆంప్లిఫయరుకు ఆ పోలిక పనికిరాదు.

ఈ లెక్క కుదిరిన తరువాత మరింత ఖరీదైన కేబులుకు పెట్టే డబ్బు చెవికి చేరేది అనుమానమే. అసలు జాగ్రత్త రాగిపూత వేసిన అల్యూమినియం తీగ దగ్గర పడాలి: అల్యూమినియం వాహకత రాగిలో దాదాపు 60 శాతమే, పైకి చూస్తే రెండూ ఒకటే ఎరుపు. చాకుతో పోగును గీకితే లోపల వెండి రంగు తేలుతుంది, చుట్ట చేతికి తేలిగ్గా తగులుతుంది. ఏ తీగనైనా 230 వోల్టుల లైనుతో ఒకే పైపులో లాగకూడదు. అది గురగుర శబ్దం సమస్య మాత్రమే అనుకోరాదు, భద్రత కూడా అందులో ఉంది. రెండూ తప్పనిసరిగా ఎదురయ్యే చోట లంబంగా దాటించాలి.

ఇక పెట్టె. స్పీకరు కోను ముందుకు కదిలినప్పుడు ముందరి గాలి నొక్కుకుంటుంది, వెనకది పలచబడుతుంది. ఈ రెండూ కలిస్తే తక్కువ స్వరాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి వెనక గాలిని బంధించాలి. ఎంత గాలి కావాలో లెక్కగట్టే పద్ధతిని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో ప్రతిపాదించగా, రిచర్డ్ స్మాల్ 1970ల తొలినాళ్లలో దానిని విస్తరించాడు. ఒక ఉదాహరణ తీసుకుంటే, కోను బిగువుకు సమానమైన గాలి పరిమాణం 30 లీటర్లు, సహజ కంపనం 45 హెర్ట్జులు, కంపనం అదుపును సూచించే క్యూ విలువ 0.5 ఉన్న స్పీకరును మూసిన 30 లీటర్ల పెట్టెలో పెడితే క్యూ 0.7 వద్ద నిలిచి, కంపనం 64 హెర్ట్జులకు చేరుతుంది. అదే స్పీకరును 10 లీటర్లలో కుక్కితే క్యూ 1కి, కంపనం 90 హెర్ట్జులకు ఎగబాకి, మృదంగం ఎడమవైపు నాదంలో లోతు తగ్గి మోత మిగులుతుంది.

ఇక్కడే ఇటుక గోడకు ఉన్న మేలు బయటపడుతుంది. 10 సెంటీమీటర్ల లోతు, 40 వెడల్పు, 75 ఎత్తు ఉన్న గూడు సరిగ్గా 30 లీటర్లు. తొమ్మిది అంగుళాల గోడలో దీనికి చోటుంది, నాలుగున్నర అంగుళాల గోడలో లేదు. తరువాత తొలవడం కంటే కట్టేటప్పుడే గూడు వదిలి, పైన లింటెల్ వేసి, లోపల సిమెంటుతో నున్నగా పూయించి, ముందు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను రబ్బరు అంచుతో బిగించి, స్పీకరును ఆ పలకకు అమర్చితే, జిప్సమ్ గోడ ఎన్నటికీ ఇవ్వలేని గట్టి పెట్టె దొరుకుతుంది. పిల్లర్ల జోలికి, బీముల జోలికి మాత్రం పోరాదు.

ఫాల్స్ సీలింగు కథ వేరు. అక్కడ ఖాళీ ధారాళమే కాని, అది పక్కగది దాకా సాగితే పాట కూడా అటే పోతుంది, బోర్డు అదురుతుంది. అందుకని వెనక ప్లైవుడ్ పెట్టె కట్టి, అతుకులకు జిగురు, తీగ దూరే రంధ్రానికి సిలికోన్ పట్టించి, లోపల పాలియెస్టర్ దూది వదులుగా నింపాలి. పెట్టె బరువును జిప్సమ్ బోర్డు మీద మోపకుండా స్లాబుకు యాంకర్ బోల్టులు దిగ్గొట్టి ఇనుప కడ్డీలతో వేలాడదీయాలి. ప్లైవుడ్‌కు బదులు ఎం.డి.ఎఫ్. పలక వాడితే స్లాబు చెమర్చే ఇంట్లో అది ఉబ్బిపోతుంది, చెదలు ఉన్న చోట ప్లైవుడ్‌కూ మందు పూయించక తప్పదు.

బోర్డులు మూయించే ముందు, స్పీకరు కలిపిన ప్రతి తీగకూ ఆంప్లిఫయర్ వైపు చివర ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని క్షణం పాటు తాకించి చూడాలి: ధన ధ్రువం ఎర్ర తీగకు తగిలినప్పుడు కోను బయటికి కదిలితే కలపడం సరైనదే, లోపలికి పోతే రెండు కొసలు తారుమారైనట్లు. ఇల్లు కట్టించుకునేవారు ఈ పరీక్షను కార్మికులకు వదిలేయకుండా దగ్గర నిలబడి చేయించుకోవాలి, పైపులు పోయిన దారిని ప్లాస్టరింగుకు ముందే ఫోటో తీసి ఉంచుకోవాలి.