ఆరు గంటల డ్యూటీ, ఆరు గంటల విరామం

కాకినాడ రేవు నుంచి కృష్ణా-గోదావరి బేసిన్‌లోని రిగ్గులకు సరుకు చేరవేసే సప్లై ఓడకు పగలూ రాత్రీ ఒకటే. డీజిలు, మంచినీళ్లు, సిమెంటు, పైపులు, వంటసరుకులు, ఏవైనా రిగ్గు అడిగిన వేళకు అందాలి. పెద్ద సరుకు ఓడల్లో సాధారణంగా మూడు వాచ్‌లు: నాలుగు గంటల డ్యూటీ, ఎనిమిది గంటల విరామం. సప్లై ఓడలో మనుషులు తక్కువ. చాలావాటిలో రెండే వాచ్‌లు, ఆరు గంటలు పని, ఆరు గంటలు విరామం.

విశ్రాంతికి చట్టం లేకపోలేదు. 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం 2013లో అమల్లోకి వచ్చింది; భారత్ 2015లో ఆమోదించింది. దాని ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి దక్కాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు.

ఆరు-ఆరు పద్ధతిలో వారానికి 84 గంటల విరామం. కాగితం మీద లోటేమీ లేదు. లోటంతా నిద్రలోనే. డ్యూటీ దిగినవాడు తినాలి, స్నానం చేయాలి, బట్టలు ఉతుక్కోవాలి, తర్వాతి వాచ్‌కు ముందే లేవాలి. మిగిలేది నాలుగైదు గంటలు. అవీ ప్రశాంతంగా గడవవు. సప్లై ఓడల్లో కాబిన్లు ఎక్కువగా ముందుభాగంలో ఉంటాయి. ఓడను పక్కకు నెట్టే బో థ్రస్టర్లూ ఆ భాగంలోనే, అడుగున. రిగ్గు పక్కన ఓడ కదలకుండా నిలవాలంటే అవి తిరుగుతూ ఉండాల్సిందే. పైన పడుకున్నవాడి మంచం అదురుతూనే ఉంటుంది. గంటలు లెక్కపెట్టే చట్టం నిద్రను లెక్కపెట్టకపోవడమే ఇక్కడి అసలు లోపం. నిద్ర చాలని అలసట ఎంత దూరం తీసుకెళ్తుందో ఒక ఉదాహరణ: 1989 మార్చిలో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ట్యాంకరు రాళ్లకెక్కి చమురు ఒలికినప్పుడు, థర్డ్ మేట్ అలసట, పనిభారం వల్ల ఓడను సరిగా తిప్పలేకపోవడాన్ని అమెరికా దర్యాప్తు సంస్థ కారణాల్లో ఒకటిగా చెప్పింది.

ఇక తీరిక అంటే ఆ నిద్రలోంచి కోసుకున్నదే. మెస్‌లో టీవీ, ఒక ఆట క్యారమ్స్, డెక్ మీద నాలుగడుగులు. అన్నిటికంటే ముఖ్యం ఇంటికి ఫోను. వీలైనంత మేర ఓడలో ఇంటర్నెట్ ఇవ్వాలని, డబ్బు తీసుకుంటే అది సబబుగా ఉండాలని ఆ ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చాయి. ఇవి రావలసినదానికంటే చాలా ఆలస్యంగా వచ్చాయి. రేవులో దిగి తిరిగే హక్కూ ఉంది. కానీ సప్లై ఓడ రేవుకొచ్చేది మళ్లీ సరుకెక్కించుకోవడానికే. ఆ గంటల్లో డెక్ సిబ్బందికి చేతినిండా పని.

ఆ ఒప్పందం ప్రకారమే నావికుడికి నెలకు కనీసం రెండున్నర రోజుల జీతపు సెలవు జమవుతుంది. పన్నెండు నెలలు నిండకముందే, యజమాని ఖర్చుతో ఇంటికి పంపాలి.