తెర మీద జడ, పేజీ మీద తేదీ

కూచిపూడి భాగవతుల ప్రదర్శనలో సత్యభామ రంగం మీదికి నేరుగా నడిచి రాదు. ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని తెర నిలబెడతారు. ముందు ఆ తెర మీదుగా జడ వచ్చి వాలుతుంది. సూర్యుడూ చంద్రుడూ నాగపడగా తీర్చిన బిళ్లలతో బరువెక్కిన పొడవాటి జడ అది. ముఖం ఇంకా కనిపించదు. తాళాలు మోగుతుంటాయి, గజ్జెలు వినిపిస్తుంటాయి, తెర అంచు కింద పాదాలు కదులుతుంటాయి. కరెంటు లేని రోజుల్లో పాత్ర బయటికి వచ్చే వేళకు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గుమని లేచిన ఆ వెలుగులో తెర తొలిగేది. ఆపైన ప్రవేశ దరువులో తానెవరో, ఎవరి కూతురో, తన అందమెంతో, అభిమానమెంతో ఆవిడే చెప్పుకునేది. ఆ జడ వెనుక ఒక సవాలు కూడా ఉండేదంటారు: ఆటలో పాటలో నన్ను మించినవాళ్లుంటే వచ్చి దీన్ని కోయండి అని.

రాబోతున్న మనిషి గురించి ఎంత చెప్పాలో, ఎంత దాచాలో ఇంత లెక్కగా కుదిర్చిన పని మన రంగస్థలం మీద మరొకటి నేను చూడలేదు. ఇవాళ నర్తకీ నర్తకులు తమ సొంత వెబ్‌సైట్లలో ‘రాబోయే ప్రదర్శనలు’ అంటూ పెట్టే పేజీలను నేను ఈ కళ్లతోనే చదువుతాను. చాలామంది వాటిని పట్టించుకోరు. ఫొటోల దగ్గరికి, వీడియోల దగ్గరికి వెళ్లిపోతారు. కానీ శ్రద్ధగా తయారైన ఒక ప్రకటనలో ఎంత పనితనం ఉంటుందో నిదానంగా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఒకప్పుడు ఈ పని నర్తకిది కాదు. భాగవతుల మేళం ఊళ్లోకి దిగిందంటే పొద్దు వాలేలోగా ఆ కబురు ఊరంతా పాకేది. కేరళలో కథకళి ఉందంటే సాయంత్రం చెండ, మద్దళం మోగించి చుట్టుపక్కల ఊళ్లకు తెలియజేస్తారు. కేళికొట్టు అంటారు దాన్ని. పట్నాల్లో సభలు వచ్చాక ఆహ్వాన పత్రాలూ, కరపత్రాలూ, పత్రికల్లో ‘నగరంలో నేడు’ వంటి శీర్షికలూ వచ్చాయి. వాటిలో నర్తకి పేరుకు దక్కేది ఒక్క వరుస. మిగతా చోటంతా సభ పేరుకూ, ముఖ్య అతిథుల పేర్లకూ పోయేది. నాట్యకారిణి అనితా రత్నం 1992లో ‘నర్తకి’ పేరుతో నాట్య కళాకారుల డైరెక్టరీ తెచ్చారు, 2000లో అది వెబ్‌సైటయింది. ఎవరు ఎక్కడున్నారో, ఎక్కడ ఆడుతున్నారో వెతుక్కోవడానికి నాట్యలోకానికంతటికీ ఒక ఉమ్మడి చోటు దొరికింది. ఆ తర్వాత ఎవరి వెబ్‌సైటు వాళ్లకు వచ్చింది. తన రాకను తానే చెప్పుకునే అవకాశం, ప్రవేశ దరువులో సత్యభామకున్నట్టు, నర్తకి చేతికి వచ్చింది.

ముందు తేదీ చూడండి. ఇది చిన్న విషయమనుకునేవాళ్లు ఎక్కువ. ‘డిసెంబరు 18, సాయంత్రం’ అని ఊరుకుంటే అది ఏ సంవత్సరం డిసెంబరో పేజీ చెప్పదు. ఇంటర్నెట్‌లో పాత పేజీ కొత్త పేజీ లాగే కనిపిస్తుంది. రెండేళ్ల కిందటి కార్యక్రమానికి బయల్దేరే మనిషి ఉంటాడు. పని తెలిసినవాళ్లు తేదీ, వారం, సంవత్సరం, మొదలయ్యే గంట నాలుగూ రాస్తారు. ఎంతసేపు ఉంటుందో కూడా రాసేవాళ్లున్నారు. చివరి బస్సు చూసుకోవలసిన ప్రేక్షకుడి మీద ఎంత గౌరవముంటే ఆ వరుస వస్తుంది! ఒకే నర్తకి డిసెంబరులో చెన్నై సభల్లో, జూలై మొదట్లో అమెరికాలో తెలుగువాళ్ల మహాసభల్లో ఆడుతుంది. ఆన్‌లైన్ ప్రదర్శన అయితే ఏ దేశపు గంటో చెప్పి తీరాలి. హైదరాబాదులో సాయంత్రం ఆరున్నర అంటే కాలిఫోర్నియాలో తెల్లవారుజామే.

తర్వాత చోటు. రవీంద్రభారతి అంటే హైదరాబాదువాళ్లందరికీ తెలుసు. 1961లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన భవనం. కానీ అక్కడ ప్రధాన మందిరముంది, చిన్న హాలు ఉంది. ఏ హాలో రాయని ప్రకటనను నమ్ముకుని వచ్చినవాళ్లు పెద్ద హాల్లో మరెవరి సన్మాన సభలోనో కూర్చుని పావుగంట పోగొట్టుకుంటారు. విజయవాడ తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రమైనా, విశాఖ కళాభారతి అయినా, ఊరికి కొత్తవాళ్లు కూడా వస్తారని తలచి రాసిన చిరునామా వేరుగా ఉంటుంది. అందులో పేట పేరుంటుంది, దగ్గరి మెట్రో స్టేషనో బస్టాపో ఉంటుంది, ప్రవేశం ఉచితమా టికెట్టా అన్నది దాచకుండా ఉంటుంది. మన దగ్గర సభలు చాలావరకు ఉచితం. అయినా ‘అందరూ రావచ్చు’ అన్న మాట కనిపించకపోతే, ఇది పిలిచినవాళ్లకే కాబోలని మొహమాటపడి ఆగిపోయే మనుషులు మనలో ఎందరో.

గురువు పేరు రాసే వరుస దగ్గర నేను కాసేపు ఆగుతాను. మన పెళ్లి శుభలేఖలో వధువు పేరు ముందు తాతముత్తాతల పేర్లు వస్తాయి కదా, ఇక్కడా అలాగే వస్తుంది. అయితే ఈ పేరుకు అలంకారాన్ని మించిన పని ఉంది. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల వంటి కూచిపూడి కుటుంబాల్లో ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలిస్తే, రసికుడికి అడుగు ఎలా పడబోతోందో కొంత ముందే తెలుస్తుంది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో నెలకొల్పిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ నుంచి వచ్చిన శిష్యపరంపర అంటే ఒక తీరు, ఒక శుభ్రత కళ్ల ముందు మెదులుతాయి. కూచిపూడి ఊళ్లోనే యక్షగానాల మధ్య పెరిగినవారంటే వాచికం, అంటే పాత్ర నోటి మాట, బలంగా ఉంటుందని ఆశిస్తాం. గురువు పేరున్న ఆ చిన్న వరుస అంత చెబుతుంది.

దానికన్నా విలువైనది వాద్యబృందం పేర్లున్న వరుస. నట్టువాంగం ఎవరు, గాత్రం ఎవరు, మృదంగం, వయొలిన్, వేణువు ఎవరు అన్నది. దీన్ని తోటివాళ్లకు ఇచ్చే మర్యాదగా మాత్రమే చూస్తారు చాలామంది. మర్యాదే, కాదనను. దీపాలు చూసుకునేవారి పేరు, ఆహార్యం దిద్దేవారి పేరు కూడా రాసే పేజీలంటే నాకు ప్రాణం. కానీ ఇందులో అసలు ప్రేక్షకుడికి ఒక హామీ ఉంది. పదం (అభినయం కోసం పాడే పాట) పట్టినప్పుడు ఒకే పాదాన్ని గాయకుడు మళ్లీ మళ్లీ పాడాలి. నర్తకికి ఆ క్షణంలో కొత్త భావం తోస్తే ఇంకోసారి పాడాలి, ఇక చాలని చూపు చెప్పగానే ముందుకు సాగాలి. పక్కన మనిషి కూర్చుని పాడుతుంటేనే ఇది సాధ్యం. రికార్డు చేసిన పాట ఎన్నిసార్లు తిరగాలో స్టూడియోలోనే తేలిపోయింది. కాబట్టి ‘గాత్రం’ పక్కన ఒక పేరు కనిపిస్తే, ఆ సాయంత్రం అభినయానికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుందని అర్థం. బృందాన్నంతా వెంటబెట్టుకుని తిరగడం ఎంత ఖర్చో అందరికీ తెలుసు. రికార్డు పాటతో ఆడుతున్నప్పుడు ఆ సంగతి రాసే నర్తకుల నిజాయితీని కూడా నేను అంతే గౌరవిస్తాను.

నృత్యనాటకమైతే ఏ పాత్ర ఎవరిదో రాయాలి. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) పేరు పక్కన ‘సత్యభామ’ అని ఉంటే ఇక వేరే ప్రకటన అక్కరలేకపోయేదని పెద్దలు చెబుతారు. పేరూ పాత్రా కలిస్తేనే ఆ బలం వస్తుంది. బృందంలో చిన్న పాత్ర వేసే పిల్లల పేర్లు కూడా రాసే గురువుల పేజీలు చూశాను. ఆ వరుస చదువుకుని ఊరి నుంచి రైలెక్కే అమ్మమ్మలు ఉంటారు.

ఇక అంశాల పట్టిక. రాగం, తాళం, రచయిత పేరు రాయడం కనీస ధర్మం. పనితనమంతా ఆ కింద కథ చెప్పే రెండు వరుసల్లో ఉంది. ‘తరంగం’ అని రాసి ఇత్తడి పళ్లెం ఫొటో పెట్టేసి ఊరుకోవడం తేలిక. నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణిలో ఏ ఘట్టమో, బాలకృష్ణుడు ఏం చేస్తుంటే ఈ పాట మొదలవుతుందో ఒక్క మాటలో చెబితే, పళ్లెం అంచు మీద నిలిచిన పాదాలతోపాటు ప్రేక్షకుడు ముఖం కూడా చూస్తాడు. లేకపోతే పళ్లెం నుంచి కళ్లు తిప్పడు.

భామాకలాపానికి మంచి పరిచయం రాయడం అన్నిటికన్నా కష్టం. కృష్ణుడు అలిగి వెళ్లాడు, విరహంలో ఉన్న సత్యభామ ఉత్తరం రాసింది, చెలికత్తె మాధవిని పట్టుకెళ్లమంది. మాధవి దానికి ఒక వెల అడిగింది. అక్కడ ఆగిపోవాలి. ఏం అడిగిందో రాస్తే ఆ దృశ్యంలో పుట్టాల్సిన నవ్వు చదువుతున్నప్పుడే ఖర్చయిపోతుంది. అలా ఆగిన పరిచయాలు రాసినవాళ్లకు నాట్యంతోపాటు రచన కూడా తెలుసు. అందుకే నేనూ ఇక్కడ చెప్పను. చూడనివాళ్లు వెళ్లి చూడాలి.

ఫొటో గురించి ఒక్క మాట. నగలన్నీ కనిపించేలా నిలబడి తీయించుకున్న బొమ్మ అందంగా ఉంటుంది, కానీ ఆ సాయంత్రం గురించి ఏమీ చెప్పదు. ఆడబోయే అంశానికి చెందిన భంగిమ ఉన్న ఫొటో, తీసినవారి పేరుతో సహా పెడితే చాలు.

మాటల పొదుపు మరో సంగతి. ప్రవేశ దరువులో సత్యభామ తన గొప్పలు తాను చెప్పుకుంటుంది, మనం ఆనందంగా వింటాం. ఎందుకంటే ఆవిడ అన్న ప్రతి మాటకూ అప్పటికప్పుడే అడుగూ చూపూ సాక్ష్యం పలుకుతాయి. పేజీ మీద ‘విశ్వవిఖ్యాత’ అన్న విశేషణానికి ఆ సాక్ష్యం లేదు. ఇది తెలిసినవాళ్లు విశేషణాలన్నీ తీసేసి, ఆ అంశంలోంచే ఒక చిన్న వీడియో ముక్క పెడతారు. నిమిషమైనా ఉండదు. దరువు అందుకునే ముందు తల తిప్పిన తీరు ఒక్కటి కనిపిస్తుంది, అంతే. జడ మాత్రమే చూపించి ముఖం దాచిన పాతకాలపు నేర్పు సరిగ్గా ఇదే.

కార్యక్రమం అయిపోయాక ఏం చేస్తారన్నది కూడా పనితనంలో భాగమే. 2020లో కరోనాతో సభలన్నీ మూతపడ్డప్పుడు కొందరు తమ పేజీల్లో తేదీలను చెరిపేయకుండా ఒక్కొక్కదాని పక్కనా ‘వాయిదా’, ‘రద్దు’ అని రాసి ఉంచారు. అయిపోయిన ప్రదర్శనలను కిందికి జరిపి, ఏ ఊళ్లో ఏం ఆడారో, ఎవరు పాడారో అలాగే నిలిపినవాళ్లూ ఉన్నారు. కూచిపూడి మేళాలు ఏ రాత్రి ఏ ఊళ్లో ఏం ఆడాయో చాలావరకు మనుషుల జ్ఞాపకాల్లోనే ఉండి, ఆ మనుషులతోనే పోయింది. ఇవాళ్టి నర్తకి నిలిపి ఉంచిన ఈ జాబితా రేపు నాట్యచరిత్ర రాసేవారికి దొరికే మొదటి ఆధారం. దాన్ని చెరపడం అన్యాయం.

ఇంత మెచ్చుకున్నాక ఒక కోరిక. మన నర్తకులు ఆడే పదాలూ జావళీలూ దరువులూ తెలుగు. పదకర్త క్షేత్రయ్య ఊరైన మువ్వ కూచిపూడికి పక్క ఊరే. అయినా ఆయన పదం ఆడుతున్నామని చెప్పే పేజీలో తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు. చెన్నైలో, ఢిల్లీలో, అమెరికాలో ఉన్న ప్రేక్షకుల కోసం ఇంగ్లీషు అవసరమే, దాన్ని తీసేయమనడం లేదు. దాని పక్కనే తేదీ, చోటు, కథ తెలుగులో ఓ నాలుగు వరుసలు రాయండి. పదం పల్లవినీ రచయిత పేరునూ తెలుగు లిపిలో పెట్టండి. ఫోన్లో తెలుగు మాత్రమే చదువుకునే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. సాహిత్యం మాట మాటకూ అర్థమయ్యేదీ, అభినయానికి సరైన చోట తల ఊపేదీ వాళ్లే. మీ వచ్చే ప్రదర్శనకు వాళ్లను వాళ్ల భాషలో పిలవండి.