పళ్ల లెక్కలో గ్రహాల నడక

పాత ఆరరీ ఒకటి బల్లమీదికి వస్తే, అనుభవమున్న సేకరణకర్త ముందు దాని ఇత్తడి మెరుపు చూడడు, గ్రహాలు లెక్కపెడతాడు. యురేనస్ ఉంటే అది 1781 తరవాతిది. విలియం హెర్షెల్ ఆ గ్రహాన్ని కనిపెట్టింది ఆ ఏడే. నెప్ట్యూన్ ఉంటే 1846 తరవాతిది. శని చుట్టూ ఐదు ఉపగ్రహాలే ఉన్నాయా, ఏడున్నాయా అన్నదీ చూస్తాడు. ఆరోదీ ఏడోదీ బయటపడింది 1789లో. చవక నమూనాల్లో దూరపు గ్రహాలను వదిలేయడం మామూలే కాబట్టి, లేని గ్రహం ఒక్కటే సాక్ష్యం కాదు. ఉన్న గ్రహం మాత్రం గట్టి సాక్ష్యం, తరవాత ఎవరూ తగిలించకపోతే.

ఆరరీ అంటే సూర్యకుటుంబాన్ని పళ్ల చక్రాలతో నడిపించే యంత్రం. నడుమ సూర్యుడు, చుట్టూ ఇత్తడి చేతుల చివర గ్రహాలు. పిడి తిప్పితే ఏ గ్రహం వేగం దానిదే. 1704 ప్రాంతంలో లండన్‌లో గడియారాలు చేసే థామస్ టాంపియన్, జార్జ్ గ్రాహం ఇలాంటిదొకటి తయారుచేశారు. కొన్నేళ్లకు జాన్ రౌలీ అదే పద్ధతిలో ఆరరీ ప్రభువు చార్లెస్ బాయిల్ కోసం మరొకటి చేశాడు. చేసినవాడి పేరు కాక, చేయించుకున్నవాడి బిరుదు యంత్రానికి పేరై నిలిచింది.

ఈ పనిలో అసలు విద్య పళ్ల లెక్కలో ఉంది. చక్రానికి అరపన్ను, పావుపన్ను కోయలేం. గ్రహాల కాలాలేమో పూర్ణసంఖ్యలకు లొంగవు. డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ 1682లో తన గ్రహయంత్రం కోసం లెక్క వేసినప్పుడు, భూమి 7,77,08,431 భాగాలు నడిచేలోగా శని 26,40,858 భాగాలు నడుస్తుందని తేలింది. అన్ని పళ్లు ఎవరు కోయగలరు? గొలుసు భిన్నాల పద్ధతితో ఆయన ఆ నిష్పత్తిని 206:7కి దించాడు. 206 పళ్ల చక్రం, దాన్ని తిప్పే 7 పళ్ల చిన్న చక్రం. శని ఇరవై తొమ్మిదిన్నరేళ్ల చుట్టు పూర్తిచేసేసరికి ఆ లెక్కకూ చక్రానికీ వచ్చే తేడా సుమారు ఒక్క రోజు! పన్నెండేళ్లకోసారి పుష్కరాల్లో మునిగే మనకు గురుడి నడక తెలిసిందే. నిజానికి అది పన్నెండేళ్లకు కాస్త తక్కువ. 83 పళ్లకు 7 పళ్లు జతచేస్తే ఆ తక్కువ కూడా చక్రంలోకి వచ్చేస్తుంది.

ఇంకో చిక్కు భూమి వాలు. ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు వాలి, ఏడాది పొడవునా ఒకే దిక్కు చూడాలి. భూమిని చేతికి ఊరికే బిగిస్తే చేయితోపాటు ఇరుసూ తిరిగిపోతుంది, రుతువులు మాయమవుతాయి. అందుకు నడుమ కదలని చక్రం ఒకటి, భూమి కింద అన్నే పళ్లున్న చక్రం మరొకటి, రెంటి మధ్య ఇంకొకటి పెడతారు. చేయి ఎంత తిరిగినా భూమి ఇరుసు దిక్కు తప్పదు. ఉత్తరాయణం, దక్షిణాయనం కళ్లముందు జరుగుతాయి. నా దృష్టిలో ఈ మూడు చక్రాల అమరికను మించిన పాఠం లేదు.

సేకరించేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి లండన్‌లో బెంజమిన్ మార్టిన్, ఆ తరవాత విలియం, శామ్యూల్ జోన్స్ సోదరులు అమ్మిన చేతి ఆరరీలు. కొనేముందు పళ్లు లెక్కపెట్టండి. నిష్పత్తి కుదరకపోతే ఎవరో చక్రం మార్చారన్నమాట. చింతపండు, పాలిష్ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడి మీది బంగారు ఛాయ లక్క పూతది, ఒకసారి రుద్దితే తిరిగి రాదు. గ్రహాలు చాలావాటిలో ఏనుగు దంతంతో చేసినవి. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి దంతం అమ్మకంపై కఠినమైన చట్టం అమల్లో ఉంది, మన దేశంలో ఆ వ్యాపారమే నిషిద్ధం. అన్నిటికన్నా ముఖ్యం, లేని గ్రహాన్ని తగిలించవద్దు.

ఎందుకో ఫ్రానేకర్ చెబుతుంది. నెదర్లాండ్స్‌లోని ఆ ఊళ్లో ఉన్ని దువ్వే పనిచేసుకునే ఐసే ఐసింగా 1774 నుంచి 1781 దాకా తన ఇంటి ముందుగది పైకప్పునే గ్రహయంత్రంగా మలిచాడు. కొయ్య చక్రాలు, పళ్లుగా ఇనుప మేకులు, నడిపించడానికి లోలకం గడియారం. పది లక్షల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు కొలత. పని ముగిసిన ఏడే యురేనస్ బయటపడింది. ఆ కొలతన యురేనస్‌కు పైకప్పులో చోటు చాలదు. దాంతో ఆయన ఆకాశం శని దగ్గరే ఆగింది. 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ యంత్రం నేటికీ నడుస్తోంది. ఐసింగా మేకులు దిగ్గొట్టిన నాటికి మనిషికి ఎంత ఆకాశం తెలుసో, యురేనస్ లేని ఆ పైకప్పు అంతా చెబుతుంది.