లెక్క ఎవరికి అప్పగించాలి? – గజాలీ ‘ముహాసబా’ భావనలో వాణిజ్య రూపకం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఇస్లామీయ నైతిక చింతనలో ఆత్మపరిశీలనకు ‘ముహాసబా’ అని పేరు. అబూ హామిద్ అల్ గజాలీ (1058–1111) తమ ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ 38వ ప్రకరణంలో ఈ సాధనను వర్తకుడు, భాగస్వామి, పెట్టుబడి, లాభనష్టాలు అనే వాణిజ్య రూపకంతో నిరూపించారు. ఈ రూపకం కేవలం అలంకారం కాదని, ఆత్మపరిశీలన ఉత్త పశ్చాత్తాప భావుకతగా మిగిలిపోకుండా కాపాడే నిర్మాణసూత్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అయితే 38వ ప్రకరణాన్ని విడిగా చదివితే ఆ లెక్కలో తోటిమనిషికి తగిన చోటు కనిపించదు. తౌబా (పశ్చాత్తాపం) గురించిన 31వ ప్రకరణంతో కలిపి చదివినప్పుడే నైతిక జవాబుదారీతనం సంపూర్ణమవుతుందని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ముహాసబా, నఫ్స్, తౌబా, గజాలీ, ముహాసిబీ, వాణిజ్య రూపకం, జవాబుదారీతనం.

1. ఉపోద్ఘాతం:
జమ, ఖర్చు, వసూలు, బాకీ, షరతు, ఖజానా వంటి మాటలు అరబ్బీ, పారశీక భాషల నుంచి వచ్చి, అన్యదేశ్యాలన్న స్పృహ కూడా మిగలనంతగా తెలుగు వ్యవహారంలో కలిసిపోయాయి. తెలంగాణలో ‘హిసాబు’ అన్నా లెక్కే. ఈ హిసాబుకు మూలమైన అరబ్బీ ధాతువు నుంచే ‘ముహాసబా’ అనే పదం ఏర్పడింది. ఆ పదనిర్మాణంలో పరస్పరత ఉంది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని లెక్క చూసుకోవడం దాని అర్థం. అందువల్ల ఆత్మపరిశీలనకు ఈ పేరు పెట్టడంలోనే ఒక చిక్కు దాగి ఉంది. ఉన్నది ఒక్క మనిషే అయినప్పుడు లెక్క అడిగేదెవరు? చెప్పేదెవరు?

ఈ భావనకు ఆధారం ఖుర్ఆన్‌లోనే ఉంది. హష్ర్ అధ్యాయం (59:18) ప్రతి ప్రాణీ రేపటి కోసం తాను ముందుగా ఏమి పంపుకొన్నదో చూసుకోవాలని ఆదేశిస్తుంది. ఇస్రా అధ్యాయం (17:14) తీర్పుదినాన మనిషి కర్మల చిట్టాను అతని చేతికే ఇచ్చి, అతని లెక్కకు అతనినే సరిపోయిన లెక్కరిగా నిలబెడుతుంది. మరొకరు లెక్క అడగకముందే ఎవరి లెక్క వారు చూసుకోవాలన్న హితవు రెండవ ఖలీఫా ఉమర్ పేరుతో ప్రసిద్ధమైంది. ఈ మూడింటిలోనూ లెక్క అనే భావన ఉంది. దానిని ఒక సమగ్ర సాధనాక్రమంగా తీర్చిదిద్దిన రచనలలో గజాలీ గ్రంథం ప్రముఖమైనది.

2. గజాలీకి పూర్వరంగం – ముహాసిబీ హెచ్చరిక:
బస్రాలో జన్మించి, బాగ్దాదులో జీవించిన హారిస్ ఇబ్న్ అసద్ (మరణం 857) నిరంతర ఆత్మపరిశీలన కారణంగా ‘అల్ ముహాసిబీ’ అనే పేరు పొందారు. వారి ‘అర్రిఆయా లి హుఖూఖిల్లాహ్’ గ్రంథంలో ప్రధానమైన అంశం ‘రియా’, అంటే పరుల మెప్పు కోసం చేసే ధర్మాచరణ. ముహాసిబీ పరిశీలన ఇక్కడ చాలా సూక్ష్మంగా సాగుతుంది. చెడుపని చెడుగానే కనిపిస్తుంది కనుక దానిని గుర్తించడం సులభం. మంచిపనిలో చొరబడిన చెడు మంచి వేషంలో ఉంటుంది. ప్రదర్శనబుద్ధిని జయించానన్న తృప్తి కూడా ఆత్మశ్లాఘకు దారి తీయగలదు.

అంటే లెక్క చూసే కన్నునే అనుమానించవలసి వస్తుంది. ముహాసిబీ రచనలను తాము చదివినట్లు గజాలీ తమ ఆత్మకథాత్మక రచన ‘అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్’లో స్వయంగా పేర్కొన్నారు. 1091లో బాగ్దాదు నిజామియా విద్యాపీఠంలో ఆచార్యపదవి చేపట్టిన గజాలీ, 1095లో ఆ పదవిని విడిచిపెట్టారు. తమ బోధన వెనుక దైవప్రీతి కంటే కీర్తికాంక్షే ఎక్కువగా ఉందని గుర్తించడం అందుకు కారణమని ఆ గ్రంథంలోనే చెప్పుకొన్నారు. ‘ఇహ్యా’లో వారు ప్రతిపాదించిన లెక్క వెనుక ఈ స్వానుభవం ఉందని గుర్తుంచుకోవాలి.

3. ఆరు అంచెలు – రూపక నిర్మాణం:
‘ఇహ్యా’లో పదేసి ప్రకరణాల చొప్పున నాలుగు భాగాలు, మొత్తం 40 ప్రకరణాలు ఉన్నాయి. ముహాసబా ప్రకరణం ముక్తిదాయక గుణాలను వివరించే చివరి భాగంలోనిది. దీనికి ముందున్న 37వ ప్రకరణం సంకల్పం, చిత్తశుద్ధి, సత్యసంధతలను గురించినది. తరువాతి 39వది చింతనను, 40వది మరణస్మరణను వివరిస్తాయి. సంకల్పశుద్ధికీ మరణస్మరణకూ నడుమ లెక్కను నిలపడం యాదృచ్ఛికం అనిపించదు. ఎందుకు చేస్తున్నామో తేల్చుకున్న తరువాత, గడువు ముగియకముందు, లెక్క చూసుకోవాలి.

ఆలి ఇమ్రాన్ అధ్యాయం చివరి వాక్యంలో (3:200), సరిహద్దును కాచుకొని ఉండడాన్ని సూచించే పదం ఉంది. దాని ఆధారంగా గజాలీ ఆరు అంచెలను చెప్పారు. అవి: ముషారతా (షరతు పెట్టడం), మురాఖబా (కనిపెట్టి ఉండడం), ముహాసబా (లెక్క చూడడం), ముఆఖబా (శిక్షించడం), ముజాహదా (సాధనతో లొంగదీయడం), ముఆతబా (నిలదీసి మందలించడం).

ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన చిక్కుకు గజాలీ చూపిన పరిష్కారం ఈ రూపకంలోనే ఉంది. వివేకం వర్తకుడు. కోరికలకు నెలవైన నఫ్స్ అతని వ్యాపార భాగస్వామి. ఆయుష్షు పెట్టుబడి. ఉదయ ప్రార్థన ముగిసిన తరువాత, సరుకు అప్పగించే ముందు వర్తకుడు భాగస్వామితో మాట్లాడుకున్నట్లు, వివేకం నఫ్స్‌కు షరతులు చెప్పాలి. కన్ను, చెవి, నాలుక, కడుపు, మర్మావయవం, చేయి, కాలు అనే ఏడింటి నడవడికి వేరువేరుగా షరతులు ఉండాలి. రోజు చివర మళ్లీ కూర్చుని లెక్క చూడాలి. ఆ లెక్కలో విధిగా చేయవలసిన ఆరాధనలు అసలు, ఐచ్ఛికమైన సత్కార్యాలు లాభం, పాపాలు నష్టం.

భాగస్వామి అనే ఎంపిక ఇక్కడ కీలకమైనది. నఫ్స్‌ను శత్రువుగా మాత్రమే చూస్తే దానిని నిర్మూలించాలి. సేవకుడిగా చూస్తే ఆజ్ఞాపిస్తే సరిపోతుంది. భాగస్వామిని వదిలించుకోలేము, గుడ్డిగా నమ్మలేము. దాని తోడ్పాటు లేనిదే వ్యాపారం సాగదు, లెక్క అడగనిదే అసలు మిగలదు. మనిషి తనతో తాను నెరపే సంబంధాన్ని ఇంత లౌకికంగా, ఇంత ఖచ్చితంగా చెప్పగలగడమే ఈ రూపకం సాధించిన విజయం.

4. అంకె చేసే పని:
‘నేను పాపిని’ అని విలపించడం తేలిక. ఈ రోజు, ఫలానా వేళ, ఈ నాలుకతో, ఫలానా మాట అన్నాను అని చెప్పుకోవడం కష్టం. మొదటిది భావం, రెండవది పద్దు. లెక్క అనే రూపకం మనిషిని మొదటిదాని నుంచి రెండవదానికి నడిపిస్తుంది.

ఇందుకు గజాలీ ఉదాహరించిన రెండు కథనాలను పరిశీలించవచ్చు. మొదటిదానిలో, దినానికి 24 గంటల చొప్పున 24 ఖజానాలు తీర్పు వేళ మనిషి ముందు తెరుచుకుంటాయి. సత్కార్యంతో గడిపిన గంట కాంతితోను, పాపంతో గడిపినది చీకటితోను నిండి ఉంటుంది. నిద్రలోనో ఏమరుపాటులోనో గడిచిన గంట ఖాళీగా ఉంటుంది. చేజేతులా గొప్ప లాభాన్ని పోగొట్టుకున్న వర్తకుడిలా మనిషి ఆ ఖాళీ ఖజానాను చూసి దుఃఖిస్తాడు. పాపపుణ్యాలు రెండే ఉండే సాధారణ విభజనకు ఇక్కడ ‘శూన్యం’ అనే మూడవ పద్దు చేరింది. తప్పు చేయలేదన్నది లెక్కకు చాలిన సమాధానం కాదు.

రెండవది రఖ్ఖా పట్టణానికి చెందిన తౌబా ఇబ్న్ సిమ్మా కథ. ఆయన ఒకనాడు తన 60 ఏళ్ల వయసును రోజుల్లోకి మార్చి 21,500 అని తేల్చుకుంటారు. రోజుకు ఒక్క పాపమే అనుకున్నా అన్ని పాపాలతో దైవాన్ని ఎలా ఎదుర్కోవాలని కేక పెట్టి, కుప్పకూలి మరణిస్తారు. గణితపరంగా ఈ సంఖ్య చాంద్రమాన గణనకు (సుమారు 21,260) గాని, సౌరమానానికి (సుమారు 21,900) గాని సరిపోదు. కథకు కావలసింది ఖచ్చితమైన గుణకారం కాదు. ఏళ్లుగా చెప్పినప్పుడు చిన్నదిగా, గౌరవప్రదంగా వినిపించిన వయసు, రోజులుగా మారగానే మోయలేని బరువైంది. ప్రతి తప్పుకూ ఇంట్లో ఒక రాయి వేస్తే కొద్దికాలంలోనే ఇల్లు నిండిపోతుందని గజాలీ చేసిన వ్యాఖ్య కూడా ఇదే కోవలోనిది. మరుపు కనబడకుండా చేసిన దానిని అంకె మళ్లీ కళ్లముందు పెడుతుంది.

5. రూపకానికి ఉన్న పరిమితులు:
ఈ రూపకాన్ని ప్రశ్నించవలసిన చోట్లు కూడా ఉన్నాయి. మొదటిది శిక్ష. నష్టం తేలిన తరువాత భాగస్వామిపై జరిమానా వేయడం వ్యాపార న్యాయం. నమాజు వేళ తోటలోని పక్షి వైపు మనసు మళ్లినందుకు, ప్రవక్త సహచరుడు అబూ తల్హా ఆ తోటనే దానం చేసిన ఉదంతం ఈ న్యాయానికి చక్కని ఉదాహరణ. ఏ వస్తువు మనసును లాగిందో ఆ వస్తువే చేయి దాటింది, దాని వల్ల మరొకరికి మేలు జరిగింది. కాని ఇదే అంచెలో శరీరాన్ని తీవ్రంగా హింసించుకొన్న వారి కథలు కూడా ఉన్నాయి. అక్కడ శిక్ష వల్ల ఎవరి బాకీ తీరింది అన్న ప్రశ్నకు రూపకంలో సమాధానం దొరకదు. ‘ఇహ్యా’లోని బలహీన హదీసులను, అతిశయ కథలను తీవ్రంగా విమర్శించిన ఇబ్నుల్ జౌజీ (మరణం 1201), ఆ గ్రంథాన్ని తోసిపుచ్చక సంస్కరించి ‘మిన్హాజుల్ ఖాసిదీన్’గా మలిచారు. విమర్శకుడే సంస్కర్త కావడం ఈ గ్రంథ ప్రాముఖ్యానికి నిదర్శనం.

రెండవది ఇంతకంటే మౌలికమైనది. వర్తకుడు, భాగస్వామి ఇద్దరూ ఒకే మనిషిలో ఉన్నారు. తుది లెక్క అడిగేవాడు దైవం. మరి నాలుక గాయపరచిన పొరుగువాడు, తూకంలో మోసపోయిన కొనుగోలుదారు ఈ లెక్కలో ఎక్కడ ఉన్నారు? అవయవాల షరతులలో వారి ప్రస్తావన వచ్చినా, ‘నా నష్టం’ అనే పద్దు కిందనే వస్తుంది. 38వ ప్రకరణంలో వారు ప్రధానంగా పాపానికి సందర్భాలే తప్ప బాకీదార్లను నిలదీయగల హక్కుదారులు కారు.

6. రూపకం నుంచి నిజమైన లెక్కకు:
ఈ లోటును పూరించేది తౌబాను గురించిన 31వ ప్రకరణం. అందులో గజాలీ దైవం పట్ల చేసిన అపరాధాన్నీ మనుషుల పట్ల చేసిన అన్యాయాన్నీ వేరుచేశారు. రెండవదానికి పశ్చాత్తాపం ఒక్కటే చాలదు. మనిషి తన జీవితపు మొదటి రోజు నుంచి తౌబా చేసిన రోజు వరకు, అతి చిన్న నాణెం దాకా లెక్క కట్టాలి. తాను అన్యాయం చేసిన వారి పేర్లను ఒక్కొక్కటిగా రాసుకోవాలి. దేశదేశాలు తిరిగైనా వారిని వెతికి, వారి సొత్తు తిరిగి ఇవ్వాలి లేదా క్షమాపణ పొందాలి. పాలించే దుర్మార్గులకు, వర్తకులకు ఇలాంటి తౌబా చాలా కష్టమని కూడా గజాలీ అంటారు.

38వ ప్రకరణంలో ఆదర్శ ఉపమానమైన వర్తకుడే 31వ ప్రకరణంలో నిందితుడిగా నిలబడడం గమనార్హం. అక్కడ రూపకమైన నాణెం ఇక్కడ నిజమైన నాణెం. సహీహ్ ముస్లిం సంకలనంలోని ‘దివాలా తీసినవాడి’ హదీసు కూడా ఈ అర్థాన్నే బలపరుస్తుంది. నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకొని వచ్చిన మనిషి ఒకరిని తిట్టి, మరొకరి సొత్తు తిని ఉంటే, అతని పుణ్యాలు బాధితులకు పంచబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతని ఖాతాలో చేరతాయి. ఆరాధనల ఖాతా నిండుగా ఉన్నా, మనుషుల ఖాతాలో బాకీ ఉంటే ఆ మనిషి దివాలా తీసినట్లే.

7. ముగింపు:
ఆరు అంచెలలో చివరిదైన ముఆతబా లెక్క కాదు, మాట. ‘ఓ నఫ్స్’ అని పదేపదే పిలుస్తూ గజాలీ సాగించిన సుదీర్ఘ మందలింపులో, బట్టల్లో తేలుందని ఒక పసివాడు చెబితే తక్షణం బట్టలు విసిరేసే నీవు ప్రవక్తల హెచ్చరికను ఎందుకు వినవన్న తర్కం ఉంది. అంకెలు తేలిన తరువాత కూడా మనిషి మారకపోవచ్చని గజాలీకి తెలుసు. అందుకే లెక్క ఆగిన చోట సంభాషణ మొదలైంది. ఖియామా అధ్యాయంలోని (75:2) తనను తాను నిందించుకొనే ఆత్మకు ఇది సాహిత్యరూపం అనవచ్చు.

ఏటేటా స్వీయ మూల్యాంకన పత్రాలు నింపే అధ్యాపకులకు ఈ చర్చ దూరమైనది కాదు. ఆ పత్రంలో ప్రచురించిన వ్యాసాలకు, పాల్గొన్న సదస్సులకు గడులు ఉంటాయి. తరగతిలో చిన్నబుచ్చిన విద్యార్థికి గడి ఉండదు. పైవారికి చూపడానికి రాసే లెక్క ముహాసిబీ చెప్పిన రియాకు ఎంత దగ్గరగా ఉందో ఎవరికి వారే గ్రహించగలరు.

గజాలీ ముహాసబాను నేడు కేవలం వ్యక్తిత్వ వికాస సాధనంగా చదివితే 38వ ప్రకరణంలో సగమే మన చేతికి వస్తుంది. 31వ ప్రకరణంతో కలిపి చదివినప్పుడు, లెక్క దైవానికి అప్పగించేదే అయినా దానిలోని బాకీలు మనుషులకు చెల్లించవలసినవని స్పష్టమవుతుంది. ‘హుఖూఖుల్ ఇబాద్’ అనే మానవ హక్కుల ఖాతా తెరవని ఆత్మపరిశీలన ఎంత నిష్ఠగా సాగినా, అది ఒక పుట చింపిన చిట్టా మాత్రమే.