సీసం పాట్‌కి స్పేర్ పార్టులెక్కడ?

అద్దంకిలాంటి ఊళ్ళో లెటర్‌ప్రెస్ అనగానే ఇవాళ మిగిలింది ట్రెడిల్ మిషన్ ఒక్కటే. అదీ అక్షరాలు అచ్చు వెయ్యడానికి కాదు. శుభలేఖలకు మడత గీత వెయ్యడానికి, బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టడానికి, రసీదు చింపుకునే చోట చుక్కల గీత పొడవడానికి ఉంచారు. ఒకప్పుడు మిర్చి కమీషన్ కొట్ల బిల్లు పుస్తకాలు, జిన్నింగు మిల్లుల తూకం చీటీలు, సినిమా కరపత్రాలు సీసపు టైపుతోనే అచ్చయ్యేవి. ఆ టైపులో చాలా భాగం తూకానికి వెళ్ళిపోయింది. దానితోపాటు కనుమరుగైన సామాను మరొకటుంది: సీసం కరిగించే కరెంటు పాట్.

చిన్న ప్రెస్సులకు ఈ పాట్‌తో పెద్దగా పనిపడేది కాదు. అరిగిన టైపు తూకానికిచ్చి, మజూరీ కట్టి, ఫౌండ్రీ నుంచి కొత్త టైపు తెచ్చుకునేవాళ్ళు. పాట్ ఉండేది టైపు పోసే ఫౌండ్రీల్లో, లైనో, మోనో మిషన్లు పెట్టుకున్న పెద్ద అచ్చాఫీసుల్లో. ఆ మిషన్లు చేసిన కంపెనీలు స్పేర్ల సరఫరా ఎప్పుడో ఆపేశాయి. కాబట్టి మూతపడ్డ ఫౌండ్రీ నుంచి ఒక పాట్ ఎవరి చేతికైనా వస్తే, ‘దీనికి పార్టులు దొరకవండీ’ అని పాత ఇనుము కొట్టుకు తోసేయడమే రివాజు. నా మటుకు నాకు ఆ మాట సగం అబద్ధంగానే కనిపిస్తుంది. కంపెనీ పేరుతో వెతికితే దొరకవు. ఆ భాగం చేసే పనేమిటో తెలుసుకుని వెతికితే అద్దంకి బజారు దాటాల్సిన అవసరం తక్కువ.

బాగు చేసేవాడికి ముందుగా లోహం తెలియాలి. టైపు పోసేది ఉత్త సీసంతో కాదు. లైనో మిషన్‌లో వాడే లోహంలో నూటికి 84 పాళ్ళు సీసం, 12 ఆంటిమొనీ, 4 తగరం. ఆంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, గడ్డకట్టేటప్పుడు అక్షరం కుంచించుకుపోకుండా చూస్తుంది. తగరం లోహాన్ని పలచగా పారించి వత్తు మెలికల్లోకి, సుడి చివర్లలోకి పంపిస్తుంది. సీసం ఒక్కటే అయితే 327 డిగ్రీల దగ్గర, తగరం 232 దగ్గర, ఆంటిమొనీ 630 దగ్గర కరుగుతాయి. ఈ పాళ్ళలో కలిస్తే మాత్రం మిశ్రమం దాదాపు 240 డిగ్రీలకే నీరౌతుంది. పోత పోసేది 285 ప్రాంతంలో. ఇంతకంటే చల్లబడితే అక్షరం అంచులు పడవు. మరీ వేడెక్కితే లోపల గుల్ల పడుతుంది, తగరం పైన తెట్టులా కాలిపోతుంది. పాట్‌లో ఏ భాగం మార్చినా ఈ లెక్కలు చెదరకూడదు.

రెండో సంగతి వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. సీసం కరగడానికి వేడి చాలా కొంచెమే కావాలి. పది కిలోల సీసాన్ని మామూలు వేడి నుంచి కరిగించడానికి సుమారు 620 కిలోజూళ్ళు చాలు. అదే పది లీటర్ల నీళ్ళు మరగడానికి 2,900 పైన కావాలి. పైగా పది కిలోల సీసం లీటరు చెంబు కూడా నింపదు. కాబట్టి చిన్న పాట్‌కి ఏడెనిమిది వందల వాట్లు, మహా అయితే వెయ్యి వాట్లు సరిపోతాయి. ఎలక్ట్రికల్ షాపుల్లో వంటింటి కాయిల్ స్టవ్వు కోసం చిన్న పొట్లంలో అమ్మే నైక్రోమ్ కాయిల్ సరిగ్గా ఆ కొలతదే.

మోటారు వైండింగ్ షాపుకి పాట్ తీసుకెళ్తే మాటలు దాదాపు ఇలాగే మొదలవుతాయి.

“బాబాయ్, దీని కాయిల్ ఎక్కడా దొరకట్లేదు, ఇంగ్లండుదంట.”

“ఎక్కడిదైతే మనకెందుకురా అబ్బాయ్, ఎన్ని వాట్లో అది చెప్పు.”

బాబాయి అడిగిన ప్రశ్నే సరైనది. 230 వోల్టుల మీద వెయ్యి వాట్లు రావాలంటే కాయిల్ నిరోధం 53 ఓములు ఉండాలి. వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగిస్తే వచ్చే అంకె అది. 24 గేజి నైక్రోమ్ తీగ మీటరుకు నాలుగున్నర ఓములు చూపిస్తుంది, అంటే పన్నెండు మీటర్లు చాలు. పేరు ప్లేటు ఊడిపోయిన పాట్ అయితే, కాలిపోయిన కాయిల్ ముక్కలు ఏరి, పొడవు కొలిచి, తీగ గేజి చూసి పాత లెక్క రాబట్టుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చిన 110 వోల్టుల పాట్‌లు మరో రకం. అలాంటిదాన్ని మన కరెంటుకి తగిలిస్తే వాట్లు నాలుగు రెట్లు దాటుతాయి, కాయిల్ తళుక్కున మెరిసి పోతుంది. దానికి ట్రాన్స్‌ఫార్మర్ కొనేకంటే 230కి కొత్త కాయిల్ కట్టడం తేలిక.

కాయిల్ లాగడం దగ్గరే చేతివాటం బయటపడుతుంది. తొందరపడి లాగితే ఒకచోట చుట్లు ఒత్తుగా, ఇంకోచోట పలచగా సాగుతాయి. ఒత్తుగా ఉన్నచోట వేడి పోగై కొద్దిరోజుల్లో తెగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు గాడి పొడవు ముందే దారంతో కొలుచుకుంటారు. కాయిల్‌ని రెండు మేకులకు తగిలించి, నెమ్మదిగా, గాడి పొడవుకి కాస్త తక్కువే సాగేలా లాగుతారు. కొసల దగ్గర నాలుగంగుళాల తీగను మడిచి రెట్టించి మెలి వేస్తారు. అక్కడ నిరోధం తగ్గి, బోల్టు దగ్గరకు వచ్చేసరికి తీగ చల్లగా ఉంటుంది. దానికి పింగాణీ పూసలు గుచ్చి, స్టీలు బోల్టు, స్టీలు వాషర్లతో బిగించాలి. ఇక్కడ టంకం పనికిరాదు. మామూలు టంకం 183 డిగ్రీలకే జారిపోతుంది, పాట్ ఒంటి వేడి అంతకంటే ఎక్కువ. ప్లాస్టిక్ తొడుగున్న వైరూ అంతే. ఫైబర్‌గ్లాస్ స్లీవు వేసిన వైరు కావాలి. మోటార్లు చుట్టేవాళ్ళ దగ్గర ఆ స్లీవు ఎప్పుడూ ఉంటుంది.

అసలు చాలా పాట్‌లలో కాయిల్ పోదు, కొస పోతుంది. బోల్టు వదులై, నిప్పురవ్వలు వచ్చి, తుప్పు తిని, కాంటాక్టు ఆగిపోతుంది. సిరీస్ బల్బు పెట్టి చూస్తే నిమిషంలో తేలే సంగతి ఇది. కొత్త కాయిల్ అమ్మాలనుకునేవాడు మాత్రం అది చూడడు.

థర్మోస్టాట్ దగ్గర నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. దొరికింది కదా అని గీజర్ థర్మోస్టాట్ తగిలించేవాళ్ళున్నారు. అది నీళ్ళ కోసం చేసింది, వంద డిగ్రీల లోపే కరెంటు ఆపేస్తుంది. లోహం ఎప్పటికీ కరగదు. దాంతో విసుగొచ్చి దాన్ని పీకేసి కాయిల్‌కి కరెంటు నేరుగా ఇస్తారు. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది. దీనికి మేలైన దారి డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్, కె-టైప్ థర్మోకపుల్. మార్టూరు, బల్లికురవ వైపు గ్రానైట్ ఫ్యాక్టరీలకు ప్యానెల్ బోర్డులు కట్టే ఎలక్ట్రీషియన్లకు ఇది కొత్త సరుకేమీ కాదు. చూసుకోవాల్సినవి రెండు. థర్మోకపుల్ తీగలు తిరగేసి కలిపితే లోహం వేడెక్కేకొద్దీ కంట్రోలర్‌కి చల్లబడుతున్నట్టు కనిపిస్తుంది, అది కరెంటు ఇస్తూనే పోతుంది. రెండోది, సాలిడ్ స్టేట్ రిలే చెడిపోతే సాధారణంగా ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకని దాని ముందు ఒక కాంటాక్టరు, ఎంసీబీ ఉండాలి. పాట్ ఒంటికి ఎర్తింగు తప్పనిసరి.

కంట్రోలర్ చెప్పిన అంకెను గుడ్డిగా నమ్మకుండా ఉండేందుకు అచ్చాఫీసుల్లో పాత పరీక్ష ఒకటుంది. న్యూస్‌ప్రింట్ ముక్కను పొడిగా మడిచి లోహంలో ముంచి తీస్తారు. గోధుమరంగుకి తిరిగితే వేడి సరిపోయినట్టు. నల్లబడి పొగ వస్తే ఎక్కువైనట్టు.

అడుగు నుంచి పోసే పాట్‌లకు ఉన్న పెద్ద రోగం కారడం. కవాటం కూర్చునే చోట తెట్టు ఇరుక్కుని సన్నగా చుక్కలు పడుతుంటాయి. కొత్త కవాటం కోసం దేశమంతా వెతకనక్కర్లేదు. ట్రాక్టర్ మెకానిక్ ఇంజను వాల్వులకు పూసే గ్రైండింగ్ పేస్టు పూసి, కడ్డీని అటూ ఇటూ తిప్పుతూ నూరితే సీటు మళ్ళీ సరిగ్గా కూర్చుంటుంది. కడ్డీయే అరిగిపోతే లేత్ షాపులో స్టీలు రాడ్డు తిరగబట్టించుకోవచ్చు. ఇత్తడి కడ్డీ మాత్రం వద్దు. ఇత్తడిలో జింకు ఉంటుంది.

టైపు లోహానికి జింకు శత్రువు. రవ్వంత కలిసినా లోహం చిక్కబడి, పైన పొర కట్టి, అచ్చులోకి పారదు. ఆ బట్టీ అంతా దండగే. పాత ప్రెస్సుల్లో ఈ పొరపాటుకి తావు ఎక్కువ, ఎందుకంటే ఫోటోలు, దేవుడి బొమ్మలు, సంతకాలు అచ్చువేసే బ్లాకులు జింకు రేకుతోనే చేసేవారు. పాత సామాను గంపగుత్తగా కొని పాట్‌లోకి గుమ్మరించేవాళ్ళు ముందు నేల మీద పరిచి ఒక్కో ముక్కా ఏరుకోవాలి. గాల్వనైజ్డ్ బకెట్టు, గాల్వనైజ్డ్ గరిటె కూడా దగ్గరకు రానివ్వకూడదు. పాత బ్యాటరీ ప్లేట్లు కలిపితే సీసం చవగ్గా వస్తుందని ఇంకో దురాశ ఉంది. ఆ ప్లేట్లలో ఆమ్లం, ఆర్సెనిక్, కాల్షియంలాంటివి ఉంటాయి. వాటి తెట్టు తడిసిందంటే విషవాయువు పుడుతుంది. బ్యాటరీలు 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లకే పోవాలి.

పైన తేలే బూడిదరంగు తెట్టును తీసి పారేసేవాడు తగరాన్ని పారేస్తున్నట్టే. కొంచెం మైనం వేసి అడుగుదాకా కలిపితే అందులో చాలా భాగం మళ్ళీ లోహమై కలిసిపోతుంది. మైనం భగ్గున అంటుకుంటుంది, మొహం దూరంగా పెట్టుకోవాలి. మిగిలిన పొడి మాత్రం చాలా చెడ్డది. ఈ వేడి దగ్గర సీసం ఆవిరి కంటే తెట్టు దుమ్మే ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. మిర్చి యార్డులో కోరుకి అడ్డంగా కట్టుకునే తువ్వాలు ఈ దుమ్మును ఆపలేదు. సరైన మాస్కు ఉండాలి, తలుపులు తెరిచి ఉండాలి, చేతులు కడుక్కోకుండా బీడీ, టీ ముట్టుకోకూడదు, ఆ బట్టలతో పిల్లల్ని ఎత్తుకోకూడదు. పిల్లల రక్తంలో సీసం ఇంతవరకూ ఉండొచ్చు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంకొకటి, తడి. చెమ్మగా ఉన్న సీసం ముక్క కరిగిన లోహంలో పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై పాట్ మొత్తం చిమ్ముతుంది.

పాత పాట్ విప్పితే లోపల తెల్లటి పీచు తాళ్ళో అట్టలో కనిపిస్తాయి. అది ఆస్బెస్టాస్ కావచ్చు. గోకొద్దు, గాలి కొట్టొద్దు. తడిపి, మెల్లగా తీసి, సంచిలో మూటగట్టి, దాని చోట సిరామిక్ ఉన్ని వెయ్యాలి. ఆ ఒక్కటి మాత్రం ఒంగోలో గుంటూరో వెళ్ళి తెచ్చుకోవాల్సి రావచ్చు.

ఇంత పాటు ఎందుకని అడిగేవారికి బెంగాల్‌లోని శ్రీరాంపురం కథ ఒకటి చాలు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది అక్కడి మిషన్ ప్రెస్సులోనే. అంతకు ఆరేళ్ళ ముందు, 1812 మార్చి 11 రాత్రి, ఆ ప్రెస్సు తగలబడింది. ఎన్నో భాషల టైపు కరిగి ముద్దయింది. ప్రెస్సు చూసుకునే విలియం వార్డ్ బూడిద వెతికిస్తే అక్షరం చెక్కిన ఉక్కు పంచీలు, టైపు పోసే మాతృకలు చెక్కుచెదరకుండా దొరికాయి. కరిగిన సీసం మూడున్నర టన్నులు. దాన్నే మళ్ళీ కరిగించి, కొన్ని రోజుల్లోనే కొత్త టైపు పోయడం మొదలుపెట్టారు. మన దగ్గర, 848 నాటి అద్దంకి శాసనంలో సేనాని పండరంగడిని పొగిడే తరువోజ పద్యం రాతి మీద నిలిచింది. రాయిని మళ్ళీ పోత పోయలేం. సీసాన్ని ఎన్నిసార్లైనా పోయొచ్చు. మాతృకలు ఉండి, పాట్ వేడెక్కితే చాలు. ఇప్పుడు తెలుగు మాతృకలు ఎక్కడైనా కట్టలుగా మిగిలి ఉంటే, వాటి పక్కన పనిచేసే పాట్ ఒకటి ఉండటం వాటిని అద్దాల బీరువాలో పెట్టడం కంటే మంచిదని నా అభిప్రాయం.

బాగు చేసిన పాట్‌ని మొదటిసారి ఖాళీగా, 150 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరనివ్వాలి. చెమ్మ పట్టిన మైకా, పింగాణీల వల్ల ఒంటికి కరెంటు కొడుతుంటే అది దీంతోనే తగ్గుతుంది. తర్వాత మెగ్గర్ పెట్టి ఒంటికి కరెంటు లీకవుతోందేమో చూడాలి. లోహం వేశాక వేడి మెల్లగా పెంచాలి. అడుగున కరిగి, పైన గడ్డగానే ఉంటే లోపలి ఒత్తిడికి పైపొర పగిలి చిమ్ముతుంది.

చివరిగా మన వైపు కరెంటు. మిర్చికి, పత్తికి నీళ్ళు పెట్టే రోజుల్లో మోటార్లన్నీ ఒక్కసారే ఆడితే వోల్టేజి 180కి దిగుతుంది. అప్పుడు వెయ్యి వాట్ల కాయిల్ ఇచ్చేది 613 వాట్లే. పాట్ వేడెక్కట్లేదని కాయిల్‌లో నాలుగైదు మీటర్లు కత్తిరించి ఇచ్చే మిస్త్రీలున్నారు. పగలు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రి మోటార్లు ఆగి వోల్టేజి 240కి ఎక్కగానే అదే కాయిల్ మీద దాదాపు 1,780 వాట్లు పడి తెల్లారేసరికి తెగి ఉంటుంది. కాయిల్ లెక్క ప్రకారమే ఉంచి, పగటిపూట సీసం ఓ అరగంట ఆలస్యంగా కరిగితే కరగనివ్వాలి.