మరల లభించిన గానము: ధ్వనిప్రతుల పాఠపరిష్కరణము

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకుఁ బోవు మార్గమునఁ బెద్దవూర యను గ్రామము గలదు. ఆ మార్గముననే పోయి కృష్ణను దాఁటినవారు అనుపు అనుచోట ఱాతిమెట్లతోఁ జుట్టుకొనఁబడిన యొక రంగస్థలమును జూడఁగలరు. క్రీ. శ. 3, 4 శతాబ్దములయందు విజయపురి రాజధానిగా నేలిన యిక్ష్వాకుల నాఁటి కట్టడమది. నాగార్జునకొండ లోయ జలాశయమున మునుఁగనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు సలిపి, అచ్చటి కట్టడములు కొన్నింటి నెత్తుప్రదేశములకుఁ దరలించి నిలిపిరి. ఈ రంగస్థలమును ఆ విధముననే దక్కినది. మెట్లున్నవి, నడుమ ఆవరణమున్నది. అచ్చట మల్లయుద్ధము జరిగెనో గానము జరిగెనో, ఆ మెట్లపైఁ గూర్చున్నవారు వినినదేమో, చెప్పఁగలవారు లేరు. రూపము నిలిచినది, శబ్దము పోయినది.

నేఁటి మన స్థితి యిందులకు విపర్యస్తముగా నున్నది. ఆకాశవాణి, దూరదర్శన ప్రసారములయందు వినఁబడి మాయమైనదనుకొన్న సంగీతము ఎవరో యొక శ్రోత దాఁచుకొన్న టేపునుండి మరల బయల్పడుచున్నది. శబ్దము దొరకుచున్నది, పాడినదెవరు, వ్రాసినదెవరు, ఏనాఁడు, ఏ సందర్భమున నను వివరములు పోవుచున్నవి. ఇట్లు దొరకిన ధ్వనిముద్రణమును మనమెట్లు చదువవలయు ననుట యీ వ్యాసమునకు విషయము. అది మూలము గాదు, ఒక ప్రతి. తాళపత్రప్రతికిఁ జేయు పరీక్ష యంతయు దీనికిని జేయవలయునని నా మతము.

మొదట నష్టమెట్లు గలిగెనో చూతము. మనదేశమున గానమును వాణిజ్యార్థము ముద్రించుట 1902లో, గ్రామఫోను కంపెనీ వారి గైస్‌బర్గు కలకత్తాకు వచ్చినపుడు, ఆరంభమైనది. విక్రయమునకుఁ జేసిన రికార్డునకు బహుప్రతు లుండును. ఒకయింట విఱిగిన వేఱొకయింట నిలుచును. ప్రసారమునకా భాగ్యము లేదు. మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను వెలసినవి. ఈ ప్రాంతము నిజాము రాజ్యములో నున్నపుడు హైదరాబాదున దక్కను రేడియో పలికెడిది. అది 1950లో ఆకాశవాణిలోఁ గలసినది. 1975 ఆగస్టు మొదలొక యేఁడు ఉపగ్రహముద్వారా ఆంధ్రప్రదేశములోని కొన్ని పల్లెలకు దూరదర్శన మందినది. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. తొలినాళ్ల ప్రసారములు పెక్కులు పాడుచుండఁగనే వెలువడినవి. ముద్రింపఁబడినవానికిని టేపు వెల హెచ్చగుటచే, దానినే తుడిచి వేఱొకదాని కుపయోగించుట ప్రసారసంస్థలలో వాడుకయైనది. కావున ప్రసారమునకుఁ బ్రతి యొకటియే. తఱుచుగా నదియును లేదు.

ఈ నష్టము మనకుమాత్రమే గాదు. ఇంగ్లండు బి.బి.సి. వారు 1964లో నారంభించిన టాప్ ఆఫ్ ది పాప్స్ అను సంగీతప్రసారము తొలి పండ్రెండేండ్ల భాగము మిక్కిలిగా నశించినది. బీటిల్స్ గాయకులు 1966 జూన్ 16న అందుఁ గనఁబడిరి. ఆ ప్రసారమునుండి 2019లో బయటపడినది పదునొకండు క్షణముల చిత్రము. ఎవరో తమ యింట దూరదర్శనపు తెరను జిన్న కెమెరాతోఁ దీసినది. అందు శబ్దము లేదు. ఆ గాయకులే బి.బి.సి. రేడియోలోఁ బాడిన పాటలు 1994లో సంపుటముగా వెలువడినపుడు, శ్రోతలు తమ యిండ్ల ముద్రించుకొన్న టేపులును గొన్నియెడల నాధారమైనవి. సంస్థ తుడిచినది శ్రోత దాఁచినాఁడు. పండితుల యింట నశించిన గ్రంథము పల్లెలో నొక కరణము పెట్టెలో దొరకుట మన మెఱుఁగనిది గాదు.

పెద్దవూరలో నొకయింట నటకమీఁద నట్టి క్యాసెట్టు దొరకినదని యనుకొందము. అట్టమీఁద “సంగీతము, ఆదివారము” అని మాత్రమున్నది. దానిని వినిన రసికుఁ డొకఁడు, “ఇదియే యా కవి పాట, ఇదియే దాని వరుస, ఇంక సందేహము లేదు” అనును. వేఱొకఁడు, “గరగర తప్ప నిందేమున్నది? పాఱవేయుఁడు” అనును. ఈ రెండు పక్షములును అగ్రాహ్యములు. మొదటివాఁడు ఒక్క ప్రతినిఁ జూచి గ్రంథమచ్చువేయువానివంటివాఁడు. రెండవవాఁడు చెదలు దిన్నదని తాటాకులను బొయిలోఁ బెట్టినవానివంటివాఁడు. విమర్శకుఁడు చేయవలసినది వేఱు.

అందు మొదటిది గద్యపరీక్ష. మన కావ్యములయందు ఆశ్వాసాంతమున గద్య యుండును. కవి పేరు, తండ్రి పేరు, గ్రంథనామము నందుండుటచేతనే యెన్నియో కృతులు కర్తృనామముతో మనకు దక్కినవి. ప్రసారమునకు నట్టి గద్య ప్రకటనకర్త పలికెడి మాట: ఫలానివారి రచన, ఫలానివారి స్వరకల్పన, పాడినవారు ఫలానివారు. తొలి గ్రామఫోను రికార్డులలోఁ గొందఱు గాయకులు పాట ముగియఁగనే తమపేరు తామే చెప్పుట గలదు. గౌహర్ జాన్ రికార్డులు ఇందులకుఁ బ్రసిద్ధములు. కాని యింట ముద్రించుకొన్న శ్రోతకుఁ బాట కావలయును, మాట యక్కఱలేదు. ఒక్కొక్కవైపు ముప్పది నిమిషములే పట్టెడి టేపులో మాటను జేర్చుట దండుగయని మీట నొక్కి యాపివేసెడివాఁడు. అందుచే గద్య పోయినది. నేఁడు టేపులను శుభ్రపఱచి కంప్యూటరులోనికెక్కించువారును మిగిలిన కాసిన్ని మాటలను, ప్రసారకేంద్రపు సంకేతనాదమును, వార్తలకు ముందరి ఘంటానాదమును గోసివేయుచున్నారు. ఇది గ్రంథాంతగద్యను జింపివేయుట. ఆ సంకేతనాదమొక్కటి చాలు, కేంద్రమేదో చెప్పుటకు. వార్తలలోని యొక్క వాక్యము చాలు, దినమును నిర్ణయించుటకు.

రెండవది శ్రుతిపరీక్ష. క్యాసెట్టు టేపు క్షణమునకు ఇంచుమించు నాలుగు ముప్పాతిక సెంటీమీటర్ల వేగమున నడువవలయును. యంత్రము ముదిసినచో, ఘటములోని శక్తి తగ్గినచో, ఆ వేగము దప్పును. వేగము నూటికి ఆఱుపాళ్లు హెచ్చినచో శ్రుతి యించుమించొక స్వరస్థానము పెరుఁగును. లయయు నంతకంతకుఁ ద్వరితమగును. అట్టి టేపును విని యీ గాయని యింత హెచ్చుశ్రుతిలోఁ బాడెడిదనియు, ఆ విద్వాంసుఁడు త్వరపడెడివాఁడనియు వ్రాయుట విమర్శగాదు; యంత్రదోషమును మనుష్యుని నెత్తిన రుద్దుట. దీనికొక యుపాయమున్నది. ఇంటి విద్యుత్తుతో నడచిన యంత్రములు టేపునందు సన్నని యొక మ్రోఁతను వదలును. మనదేశమున విద్యుత్తు క్షణమునకు 50 మాఱులు కంపించునట్లు ఏర్పాటు గనుక ఆ మ్రోఁత 50గాని దాని ద్విగుణముగాని కావలయును. 53 అయి కనఁబడినచో టేపు వేగముగాఁ దిరుగుచున్నదని యర్థము. అయితే పూర్వమీ విద్యుత్తు 50కిఁ దగ్గుట తఱుచు. ఘటములతో ముద్రించినచో ఆ మ్రోఁతయే యుండకపోవచ్చును. కావున నిది స్థూలప్రమాణమేగాని పరమప్రమాణము గాదు. అదే గాయకుని నిర్దుష్టమైన రికార్డుతోఁ బోల్చి నిశ్చయింపవలయును.

మూఁడవది లోపపరీక్ష. ఇందు మన పండితులకు యంత్రజ్ఞులకంటె నెక్కుడు సామర్థ్యమున్నది. పద్యములో నక్షరములు జాఱినచో గణము దప్పును, యతి దప్పును, ప్రాస దప్పును. కీర్తనలో టేపు తెగి యతుకఁబడినచో తాళము పట్టియిచ్చును: ఆదితాళమున నెనిమిది క్రియల యావర్తము ఆఱింటనో యేడింటనో విఱిగి మరల సమమునకు వచ్చినచో అచ్చట నేదియో పోయినదని నిశ్చయింపవచ్చును. తాళముతప్పని గాయకుఁడని పేరొందినవానియందు ఆవర్తభంగము కనఁబడినచో దోషము గాయకునిది గాదు, ప్రతిది. చెవికిఁ దెలియని యతుకును జేతివ్రేళ్లు లెక్కింపఁగలవు.

నాల్గవది పరిమాణపరీక్ష. పది యంగుళముల గ్రామఫోను రికార్డున నొకవైపు మూఁడు నిమిషములకు మించి పట్టదు. నాటకరంగమున నొక పద్యమును ముందు రాగమాలపించి, ఒక్కొక్క పాదమును బ్రేక్షకుల కోరికమీఁద మరల మరల విస్తరించి పాడిన నటులు రికార్డున దానినే కుదించి పాడిరి. ఆ రికార్డు వారి రంగస్థలగానమునకు సంగ్రహము, సర్వస్వము గాదు. దూరదర్శనమునందును గాలపరిమితి యుండెను. ఎంత పాడిరనుటకుఁ బూర్వము, ఎంత పాడనిచ్చిరని యడుగవలయును.

ఇంక ఈ పరీక్షలవలనఁ బ్రయోజనమేమి? మూఁడుదాహరణములు చెప్పెదను. తాళ్లపాక యన్నమాచార్యుల సంకీర్తనములు ఇంచుమించు 14,000 రాగిఱేకులమీఁద దక్కినవి. రాగనామములున్నవి, వరుసలు లేవు. రాళ్లపల్లి యనంతకృష్ణశర్మగారు నూటికిఁ బైగాఁ గీర్తనలకు రాగతాళములు గూర్చి స్వరపఱచిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు మున్నగువారు ఆకాశవాణిద్వారా మఱికొన్నింటికి వరుసలు గల్పించి ప్రచారము చేసిరి. ఇవి గొప్ప సేవలు. కాని యవి యిరువదవ శతాబ్దపు సంగీతరచనలు. గద్య లేని టేపును వినిన విద్యార్థి యా వరుస పదునేనవ శతాబ్దిదని నమ్మును. స్వరకర్త పేరు పోవుటవలన ఆ స్వరకర్తకును అన్యాయము, అన్నమాచార్యులకును అన్యాయము.

రెండవది. శంకరంబాడి సుందరాచారిగారి గీతము, పిదప ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైనది, మొదట 1942 నాఁటి ‘దీనబంధు’ చలనచిత్రముకొఱకు వ్రాయఁబడి యందుఁ జేరలేదు. టంగుటూరి సూర్యకుమారిగారు గ్రామఫోను రికార్డునఁ బాడుటచే అది యాంధ్రదేశమంతటఁ బాఱినది. ఆ రికార్డులేనిచో గీతమే విస్మృతమై యుండెడిదేమో. ఇందు ధ్వనిప్రతి రచనను రక్షించినది.

మూఁడవది మన నల్లగొండ ప్రాంతమునకుఁ జేరినది. సుద్దాల హనుమంతుగారు తెలంగాణ రైతుపోరాటకాలమునఁ గట్టిన పాట, జీతమునకుఁ గుదిరిన బాలుని గూర్చినది, 1979 నాఁటి ‘మాభూమి’ చిత్రమున సంధ్యగారి గళమున వినఁబడి దేశమునకంతకుఁ బరిచితమైనది. దానిని వినునపుడు మనము వినునది మూఁడుదశాబ్దముల పిమ్మట పట్టణమున ముద్రింపఁబడిన గానము. ఊరి నడుమ దళముల ముందుఁ బాడిన గానము గాదు. ఆ చిత్రపు పాట సత్యమైన ప్రతియే. ఐనను అది పాట జీవించిన తీరునకు సాక్షి, పుట్టిన తీరునకు సాక్షి గాదు. ఈ భేదమును గుర్తింపని విమర్శ యెంత భక్తితోఁ గూడినదైనను దారిదప్పును.

పరిష్కరణమును గూర్చి యొకమాట. గరగరను దీసివేయు నుపాయములు నేఁడు సులభములైనవి. వానితోఁబాటు తంబురాశ్రుతియు, గాయకుని యూపిరియు, సభలోని వారి ‘శభాష్’ శబ్దమును దొలఁగిపోవుట గలదు. లేఖకుని తప్పును దిద్దఁబోయి కవి ప్రయోగమును దిద్దిన పరిష్కర్తలను మన మెంత నిందింతుమో యందఱకుఁ దెలియును. కాఁబట్టి దొరకిన దొరకినట్లుగా నొక ప్రతిని వేఱుగా నుంచి, శుభ్రపఱచినదానిని వేఱొకటిగా నుంచి, ఏమి తీసివేసితిమో వ్రాసి జతపఱుపవలయును. పాఠాంతరముల నడుగున జూపని ముద్రణమును బరిషత్తులు మెచ్చవు. ధ్వనికి మాత్రము వేఱు ధర్మమేల?

ఈ కార్యమునకు మహానగరములలోని భాండాగారములే చాలవు. టేపులున్నది పల్లెలలో, వానిని బోల్చుకొనఁగల చెవులున్నవియు నచ్చటనే. పాఠశాలా పండితులు తమ యూరిలో నొక టేపు దొరకినదని వినినపుడు మొదట దానిని యంత్రమునఁ బెట్టరాదు. బూజుపట్టిన టేపు తొలితూరి తిరుగుటతోనే తెగవచ్చును. అట్టమీఁది వ్రాఁతను నకలు వ్రాసికొని, ఇంటివారి నడిగి, ఎవరు, ఏ యేఁట, ఏ యంత్రమున ముద్రించిరో తెలిసికొనవలయును. ఆ వాంగ్మూలమే పోయిన గద్యకు బదులు. తాటియాకు రెండుమూఁడు వందలయేండ్లు నిలుచును. ఈ టేపు నలుబది యేఁబదియేండ్లకే శిథిలమగుచున్నది. దానికంటెను ద్వరగాఁ బోవునది, ఆ గొంతును విని “ఇది ఫలానివారిది” యని చెప్పఁగల వృద్ధుని జ్ఞాపకము. ఆయన పోయినపిదప ఆ టేపు మిగిలినను, అనుపు మెట్లవలె మాటాడదు.

ఇందలి లోపములను విజ్ఞులు సవరింతురు గాక.