మూడో అంతస్తులో బిజినెస్ చదువు

హైదరాబాదు తూర్పు వైపున, మూసారాంబాగ్ దాటింది మొదలు ఎల్‌బీ నగర్ కూడలి వరకు, విజయవాడ రహదారికి ఇరుపక్కలా కనిపించే చిన్న ప్రైవేటు బిజినెస్ కళాశాల పుట్టుకను తెలుసుకోవాలంటే విశ్వవిద్యాలయ చరిత్ర కన్నా ముందు ఆ రోడ్డు చరిత్రను చూడాలి. దిల్‌సుఖ్ రాం అనే ఆసామి తన భూమిని ప్లాట్లు చేసి అమ్మడంతో దిల్‌సుఖ్‌నగర్‌కు ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఖమ్మం, సూర్యాపేట, నల్లగొండ నుంచి వచ్చే బస్సులకూ, సాగర్ రోడ్డు మీదుగా దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చే బస్సులకూ నగరంలో మొదట తగిలే పెద్ద మజిలీల్లో ఇదొకటి కావడంతో, చదువు కోసమో కొలువు కోసమో ఊరు విడిచిన పిల్లలు ఇక్కడే దిగి, ఇక్కడే గది అద్దెకు తీసుకున్నారు. వారి వెనుకే హాస్టళ్లు, కర్రీ పాయింట్లు, కోచింగ్ సెంటర్లు, చివరికి కళాశాలలు వచ్చాయి.

బిజినెస్ కళాశాల అన్న మాటను ఇక్కడ స్థానికార్థంలోనే తీసుకోవాలి. కింద మిఠాయి దుకాణం, దానిపైన బ్యాంకు శాఖ, ఆపై రెండు అంతస్తుల్లో బీకాం, బీబీఏ, ఎంబీఏ తరగతులు ఉండే ఈ సంస్థ విశ్వవిద్యాలయ అనుబంధంతో నడుస్తుంది. అంటే పాఠ్యప్రణాళిక, పరీక్ష, పట్టా విశ్వవిద్యాలయానివి, అద్దె, జీతాలు, బోధన యాజమాన్యానివి. నల్లగొండలో 2007లో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత ఆ జిల్లా కళాశాలలు దాని పరిధిలోకి వెళ్లినా, రంగారెడ్డి జిల్లాలోకి అడుగుపెడితే దొరికే ఉస్మానియా పట్టా మీద మోజు తగ్గలేదు కాబట్టి, ఎల్‌బీ నగర్ వైపు విద్యార్థుల రాక ఆగలేదు.

ఈ కళాశాలకు పూర్వీకులు ఇద్దరు. మొదటిది వాణిజ్య కళాశాల. మద్రాసులో 1886లో పచ్చయ్యప్ప ధర్మసంస్థ నెలకొల్పిన కమర్షియల్ స్కూలు, బొంబాయిలో 1913లో మొదలైన సిడెన్‌హామ్ కళాశాల, హైదరాబాదులో కాచిగూడ వద్ద వ్యాపార కుటుంబం 1950లో స్థాపించిన బద్రుకా కళాశాల ఈ వరుసలోనివి. నిర్వహణ విద్య కూడా తెలుగునాట కొత్తదేమీ కాదు. కలకత్తా, అహ్మదాబాదుల్లో ఐఐఎంలు రావడానికి నాలుగేళ్లు ముందే, 1957లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంబీఏ ప్రారంభించింది. ఇదంతా గౌరవంగా చెప్పుకునే వంశవృక్షమే గాని, దిల్‌సుఖ్‌నగర్ కళాశాల నడవడికను తీర్చిదిద్దింది మాత్రం రెండో పూర్వీకుడు, ఎవరూ అంతగా తలచుకోని టైపు ఇన్‌స్టిట్యూట్.

రేకుల షెడ్డులోనో ఇంటి ముందు గదిలోనో రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్లను వరుసగా పేర్చి, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా గంటకో బ్యాచ్ చొప్పున నడిచే ఈ ఇన్‌స్టిట్యూట్‌లో, చేరినవాడు మొదట కొన్ని వారాలపాటు ఎడమచేతి వేళ్లతో ఏ, ఎస్, డీ, ఎఫ్ అక్షరాలనే కొట్టుకుంటూ పోవాలి, చూపు కాగితం మీదే ఉండాలి, పంక్తి చివర గంట మోగగానే క్యారేజీని వెనక్కి తోయాలి. రాష్ట్ర సాంకేతిక విద్యామండలి నిర్వహించే లోయర్ పరీక్షకు ఇంగ్లీషులో నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటలు వేగం కావాలి. ఇందులో వాదానికి చోటు లేదు: వేగం వచ్చిందా లేదా అన్నది గడియారమే తేల్చేది. నెల ఫీజు నెలకే కట్టించుకోవడం, ఉద్యోగం చేసుకునేవారికి సాయంకాలం బ్యాచ్ పెట్టడం, చేరిన ప్రతివాణ్నీ ఒక నిర్దిష్ట పరీక్ష వైపు నడిపించడం అనే మూడు అలవాట్లు అక్కడివే. ఆ అలవాట్లను నిలబెట్టుకున్న కళాశాలలే గట్టిగా నిలిచాయని, వాటిని చిన్నతనంగా భావించి వదిలేసినవి తడబడ్డాయని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

టైపు మిషన్ స్థానంలోకి వచ్చింది ట్యాలీ. బెంగళూరు సంస్థ రూపొందించిన ఈ లెక్కల సాఫ్ట్‌వేర్ 1980ల చివరి నుంచి మార్కెట్లో ఉన్నా, 2005లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్, 2017 జులై 1 నుంచి దేశమంతటా జీఎస్టీ వచ్చాక చిన్న దుకాణానికి కూడా తప్పనిసరి అవసరంగా మారింది. కళాశాల ల్యాబులో విద్యార్థి ఎఫ్5 నొక్కితే చెల్లింపు వోచరు, ఎఫ్6 నొక్కితే వసూలు, ఎఫ్8తో అమ్మకం, ఎఫ్9తో కొనుగోలు తెర మీదికి వస్తాయి. పాత గుమాస్తా చిట్టాలో, అంటే దినసరి పద్దుల పుస్తకంలో రాసుకుని, ఆవర్జాలోకి, అంటే ఖాతాలవారీ పుస్తకంలోకి ఎక్కించి, అంకణా తీసి రెండు వైపులా సరిపోయాయో లేదో చూసుకోవడానికి పట్టిన శ్రమంతా ఒక్క మీటతో పూర్తవుతుంది. అయితే ప్రతి నెలా 11వ తేదీలోగా అమ్మకాల వివరాలు, 20వ తేదీలోగా పన్ను లెక్కతో రిటర్ను వేసే వ్యాపారికి కావలసింది మీట నొక్కే మనిషి మాత్రమే కాదు, కొన్న సరుకు మీద కట్టిన పన్నును అమ్మిన సరుకు పన్నులో ఎంతవరకు మినహాయించుకోవచ్చో చూసి చెప్పగల మనిషి. చైతన్యపురి, కొత్తపేట బట్టల కొట్లలో, నగల దుకాణాల్లో అకౌంటెంటుగా కుదురుకోవడానికి అవసరమైన ఈ విద్యను చిన్న కళాశాల బాగానే నేర్పింది. ఎంబీఏ కరపత్రాల్లో కోటు వేసుకున్న యువకుడి బొమ్మ కింద అచ్చువేసిన నాయకత్వ లక్షణాల సంగతి వేరు.

చట్టం దృష్టిలో ఈ కళాశాలకు యజమాని లేడన్నది గమనించదగిన విషయం. 2001కి ముందైతే నిజాం కాలపు 1350 ఫసలీ చట్టం కింద, ఆ తర్వాత 2001 నాటి కొత్త చట్టం కింద సొసైటీగా, లేదా ట్రస్టుగా నమోదు కావాలి. మిగిలిన సొమ్మును సభ్యులు పంచుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల మీద నడిచిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో విద్య వ్యాపారం కారాదంది. 2002లో టీఎంఏ పాయ్ కేసులో పదకొండు మంది న్యాయమూర్తుల ధర్మాసనం అభివృద్ధికి సరిపడే మిగులు ఉండవచ్చని, లాభార్జన మాత్రం కూడదని గీత గీసింది. లాభం ఎలా పెంచాలో తరగతిలో చెప్పే సంస్థ తన లెక్కల్లో ఆ మాట రాసుకోలేకపోవడం విచిత్రమే.

అసలు విస్తరణకు కారణం ఫీజు రీయింబర్స్‌మెంటు, అంటే పేద, వెనుకబడిన వర్గాల విద్యార్థి తరఫున ప్రభుత్వమే కళాశాలకు ఫీజు కట్టే పథకం. వై.ఎస్. రాజశేఖరరెడ్డి హయాంలో 2008 ప్రాంతంలో అది విస్తృతమయ్యాక, వృత్తివిద్యలో 70 శాతం ఉండే, ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటా సీటు ఖర్చు లేనిదైంది, 60 సీట్ల ఎంబీఏ సెక్షన్లు పుట్టగొడుగుల్లా లేచాయి. కూలి చేసుకునే ఇంటి ఆడపిల్ల పీజీ చదవడం ఈ పథకం వల్లనే సాధ్యమైంది. ఆ మేలును తక్కువ చేయడానికి లేదు. కాని బకాయిలు ఏళ్ల తరబడి పేరుకోవడంతో కళాశాలలు తమ పాఠాన్ని తామే అనుభవించవలసి వచ్చింది: రావలసిన బాకీలు కాగితం మీద ఎంత ఆస్తిగా కనిపించినా, రోజువారీ నడకకు కావలసిన నగదు, అంటే వర్కింగ్ క్యాపిటల్, చేతిలో లేని సంస్థ జీతాలివ్వలేదు. బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు 2024లోనూ, 2025లోనూ బంద్ పాటించాయి.

బోధనలో జరిగిన పెద్ద లోపం ఇంకొకటి. 1986 నుంచి 2021లో బాటసింగారానికి తరలేవరకు కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉండేది. మామిడి సీజనులో లారీ దిగిన కాయ ధర ఎలా నిర్ణయమవుతుందో, కమీషన్ ఏజెంటు రైతుకు ముందే అప్పిచ్చి సరుకును తనవైపు ఎలా తిప్పుకుంటాడో, నిల్వ లేని సరుకును సాయంత్రానికల్లా ఎందుకు తెగనమ్మాలో చూపే కేస్ స్టడీ, అంటే ఒక నిజమైన వ్యాపార సందర్భాన్ని ముందు పెట్టి నిర్ణయం చేయించే పద్ధతి, నడిచి వెళ్లేంత దూరంలో ఉండగా, విద్యార్థులు అమెరికా కార్ల కంపెనీల ఉదాహరణలు వల్లెవేశారు, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగుతో సహా దొరికే ప్రాజెక్టు రిపోర్టులు సమర్పించారు. దీనికి యాజమాన్యాలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు, ప్రశ్నపత్రం విశ్వవిద్యాలయానిది.

గత పదేళ్లలో ఈ కళాశాలకు రోడ్డు ఇచ్చిన సౌకర్యాన్ని రోడ్డే కొంత వెనక్కి తీసుకుంది. 2016లో దోస్త్ అనే వెబ్ వేదిక ద్వారా డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్ కావడంతో గడప దగ్గర కూర్చుని సీటు నింపుకునే పద్ధతి పోయింది; 2018 సెప్టెంబరు 24న ఎల్‌బీ నగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో నడవడంతో దగ్గరతనం అనే ఆకర్షణ పలచబడింది; కామర్స్‌కే పరిమితమైన అవినాశ్ వంటి గొలుసు కళాశాలలు ఎల్‌బీ నగర్‌లోనే శాఖలు తెరిచాయి. 2024–25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులు కూడా అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతి పరిధిలోకి వచ్చాయి కాబట్టి, తరగతి గది కొలతలు, అధ్యాపకుల సంఖ్య, గ్రంథాలయం వంటి ప్రమాణాలను బీబీఏ కోసం కూడా చూపించవలసిన స్థితిలో, మూడో అంతస్తు కళాశాలలకు ఆ కోర్సు కన్నా ట్యాలీ ల్యాబు ఉన్న బీకాం కంప్యూటర్సే భారం తక్కువ బేరంగా కనిపిస్తే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.